నలభై అడుగులు

మదనపల్లెలోని ఆ డ్రైవింగ్ స్కూలుకు వచ్చేవాళ్లంతా పద్దెనిమిది నిండీ నిండగానే ఎల్ఎల్ఆర్ తీసుకున్న పిల్లలు. ముప్పై రోజుల క్లాసు. వాళ్ల మధ్య ముప్పై ఎనిమిదేళ్ల తులసమ్మ ఒక్కతే పెద్దది. కారు కొంటున్నారా ఆంటీ అని పిల్లలు ఆటపట్టించారు. పుంగనూరు నుంచి రోజూ బస్సెక్కి వచ్చే మనిషి కారెక్కడ కొంటుంది? ఆమె నవ్వేసింది.

నేర్పే గురప్ప ఆర్టీసీలో ముప్పయ్యేళ్లు బస్సు తోలి రిటైరైనవాడు. నోరు కాస్త చెడ్డది. పద్దెనిమిది నిండని పిల్లల చేతికి తాళాలిచ్చేవాళ్లను ముందు జైల్లో వెయ్యాలని మొదటి రోజే కేకలేశాడు. తులసమ్మ లేచి బయటికి వెళ్లి, మొహం కడుక్కుని వచ్చింది.

క్లాసు అయ్యాక ఆయన పిలిచి, ఈ వయసులో ఇదంతా ఎందుకమ్మా అని అడిగాడు. ఆమె చెప్పింది. పది నెలల కిందట ఆమె ఏడేళ్ల కూతురు శ్వేతను ఇంటి ముందే టమాటాల వ్యాను గుద్దింది. తోలింది దిలీప్ అనే పదహారేళ్ల పిల్లాడు. బండి చప్పుడు వినగానే పాప వాకిట్లోంచి ఉరికింది. బ్రేకు తొక్కినా బండి నిలబడలేదని ఆ పిల్లాడు పోలీసులకు చెప్పాడు. ఆ తర్వాత ఎవరితోనూ నోరు విప్పలేదు.

"నిలబడదా సార్, నిజంగా? నా బిడ్డ బతికే దారి ఉండిందా, లేదా? అది తెలీకుండా నాకు కూడు దిగడం లే."

గురప్ప ఆ రోజు నుంచి ఆమె మీద నోరు చేసుకోలేదు.

పాప ఉరికిన చోటికీ బండికీ మధ్య నలభై అడుగులు. తులసమ్మ ఎప్పుడో కొలిచి పెట్టుకుంది. ఇరవయ్యో రోజు గురప్ప మైదానంలో ఒక ఖాళీ టమాటా క్రేటు పెట్టించాడు. ఆ పిల్లాడు పోలీసులకు చెప్పిన ఇరవై స్పీడులోనే ఆమెను రమ్మన్నాడు. సరిగ్గా నలభై అడుగులుండగా పక్క సీట్లోంచి ఆపమన్నాడు. తులసమ్మ కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోయింది. క్రేటుకు ఇంకా పదడుగులుండగానే బండి ఆగింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె స్టీరింగు మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. శ్వేత బతికేది. ఆ పిల్లాడికి ఇరవై రోజుల నేర్పు ఉండుంటే చాలు, బతికేది.

"నేర్సుకున్న కాలయితే బ్రేకు మీదికి పోతాదమ్మా. నేర్సుకోనిది యాడికో పోతాది," అన్నాడు గురప్ప. కోర్టులో ఈ మాట చెప్పడానికి తానొస్తానన్నాడు.

"కోర్టుకొద్దు సార్. ఆ పిల్లోనికే సెప్పాల."

ఇంట్లో ఆ పేరెత్తితే భర్త ముద్దుకృష్ణ ఊరుకోడు. చచ్చేదాకా వాడి మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాడు. అందుకే ఆయనకు చెప్పకుండా కుప్పం బస్సెక్కింది. పలమనేరు దాటింది, వి.కోట దాటింది. చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటూనే ఉంది.

బెయిలు వచ్చాక దిలీప్‌ను కుప్పంలో వాడి మేనత్త గౌరమ్మ ఇంట్లో ఉంచారు. గౌరమ్మ తలుపు తీసి, వచ్చిందెవరో చూసి, పక్కకు తప్పుకుంది. లోపల వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. చిక్కి శల్యమయ్యాడు. తులసమ్మను చూడగానే మూలకు ఒదిగి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఆమెకు మైదానంలోని క్రేటు గుర్తొచ్చింది. పదడుగులు మిగిలేవి. వాడి ఎదురుగా కూర్చుంది.

"నేను బండి నేర్సుకున్నానప్పా. ముప్పయ్యేండ్లు బస్సు తోలినాయప్ప గూడా పక్కనే ఉండాడు. ఆ దూరంలో ఎవురు తొక్కినా నిలబడదు. నీ తప్పేం లేదు."

పది నెలల తర్వాత వాడు మొదటిసారి గొంతెత్తి ఏడ్చాడు.

అంత పెద్ద అబద్ధం తులసమ్మ బతుకులో ఎప్పుడూ ఆడలేదు. లేచి, కొక్కేనికి వేలాడుతున్న వాడి చొక్కాలు సంచిలో సర్దుకుంది, కన్న ఇద్దరిలో మిగిలిన ఒక్కణ్నయినా ఇంటికి తీసుకుపోదామని వచ్చిన ఆ తల్లి.