వేరేవాళ్ళ ఉత్తరం

“మీతో విడిగా మాట్లాడాలి మేడం. రెండే నిమిషాలు.”

నల్ల కళ్ళద్దాలు, చేతిలో తెల్లకర్ర. పేరు పెట్టి మరీ ఆమెనే అడుగుతున్నాడని రిసెప్షన్ అమ్మాయి లోపలికి తీసుకొచ్చింది.

పత్రాలను ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్‌కి ఆమె టీమ్ లీడర్. అప్పుడు మీటింగ్‌లో ఉంది. పక్కన మేనేజర్, ఎదురుగా టీమంతా.

“ఇక్కడే చెప్పండి. మాకు దాపరికాలేం లేవు,” అంది గడియారం చూస్తూ.

అతను తటపటాయించాడు.

“నేను ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటర్‌ని. నా కాగితాలన్నీ మీ కన్వర్టర్‌లో మార్చుకుని, కంప్యూటర్ చేత చదివించుకుని వింటాను. పత్రం పేరు మరీ పొడుగ్గా ఉంటే, నాది అయిపోయాక కూడా ఆగట్లేదు మేడం. వేరేవాళ్ళ ఉత్తరం చదివేస్తోంది.”

“మీ కంప్యూటర్‌లోనే రెండు ఫైళ్ళు కలిసిపోయుంటాయి.”

“కాదు మేడం. పేరు కుదిస్తే రావట్లేదు. నలభై సార్లు చూశాను.”

“చూశారా?” అంది ఆమె.

టీమంతా గొల్లున నవ్వింది. నోరు జారి వచ్చిన మాటే. కానీ అంతమంది నవ్వాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

“విన్నాను,” అన్నాడతను, తనూ చిన్నగా నవ్వి.

మేనేజర్ ముందుకు వంగాడు. “ఎవరి ఉత్తరమండీ? ఏముంది అందులో?”

“అది నేను చెప్పకూడదండీ. వాళ్ళ సొంత విషయం.”

“ఏదీ చెప్పకపోతే మేమెలా నమ్మాలి?” అంది ఆమె.

“మీరే ఒక్కసారి పొడుగు పేరు పెట్టి చూడండి మేడం. నిమిషం పట్టదు.”

“చూస్తాం లెండి.”

ఎవరిచేతో తన పేరూ ఫోన్ నంబరూ రాయించి తెచ్చుకున్న చీటీని, బల్ల అంచు తడుముకుని అక్కడ పెట్టాడు. తలుపు ఎటుందో చెప్పడానికి ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు.

ఫిర్యాదుల పట్టికలో ‘వాడేవారి పొరపాటు’ అని రాసి ఆమె చేతులు దులుపుకుంది.

మూడు వారాలకు కొంప మునిగింది.

ఎవరో అదే కిటుకు పట్టుకుని, వేలమంది కాగితాలు లాగి ఇంటర్నెట్‌లో పరిచేశారు.

“ఆ రోజు ఆయన చెప్పింది పరీక్షించావా?” మేనేజర్ అడిగాడు.

“పరీక్షించాను సార్. అప్పుడేం రాలేదు,” అంది. చెవులు వేడెక్కాయి.

తప్పు పట్టుకోవడానికి పావుగంట చాలింది. పత్రం పేరుకి నూట ఇరవై ఎనిమిది అక్షరాల చోటే ఉంది. అంతకు మించితే పక్కకి పొర్లి, పత్రం ఎక్కడ ముగియాలో చెప్పే అంకెను చెరిపేస్తోంది. ఇక కన్వర్టర్‌కి హద్దు లేదు. సర్వర్‌లో పక్కనే ఉన్న వేరేవాళ్ళ పత్రంలోకి నడుచుకుంటూ వెళ్ళిపోతోంది.

పేరు పొడవు కొలిచే ఒక్క వరుస ఉంటే సరిపోయేది. ఎనిమిదేళ్ళ కిందట ఆ కోడ్ రాసింది ఆమే.

చీటీ వెతికి ఫోన్ చేసింది. అతని అక్క తీసింది.

“తమ్ముడు ఎవరితోనూ మాట్లాడట్లేదమ్మా. బయటపడ్డ కాగితాల్లో వాడి డాక్టర్ రిపోర్టు కూడా ఉందట. చెవులు కూడా పోతున్నాయని అందులో రాసుంది. ఆస్పత్రివాళ్ళు చూసి టెలిఫోన్ దగ్గర్నుంచి తీసేశారు. ఇంకో రెండేళ్ళు ఎలాగో నెట్టుకొద్దామనుకున్నాడు పాపం… ఇంతకీ మీరెవరమ్మా?”



“రాంగ్ నంబరండీ,” అని పెట్టేసింది.

మార్చిన ప్రతి పత్రానికీ సర్వర్‌లో నెలరోజులు నకలు ఉంటుంది. అతని పేరు మీదున్నవి తెరవడం మొదలుపెట్టింది. పొడుగు పేరున్నవి నలభై ఉన్నాయి. చెప్పినట్టే, ఒక్కటీ తక్కువ కాదు. అన్నింటి చివరా ఒకటే ఉత్తరం కాదు, ఎవరెవరివో ముక్కలు.

అతను ఆఫీసుకొచ్చిన రోజు పొద్దున మార్చినది ఆఖరుది.

అందులో అతని కరెంటు మీటరు దరఖాస్తు అయిపోయిన చోట, ఇంకో కంపెనీకి ఆమె గుట్టుగా రాసుకున్న ఉద్యోగ దరఖాస్తు మొదలైంది, ‘మా మేనేజర్‌కి ఓనమాలు కూడా రావు’ అన్న వాక్యంతో సహా, కింద ఆమె పూర్తి పేరుతో.