పులి బొమ్మ పూచీ

లక్ష్మీదేవమ్మ చేతికర్రను మోపెడ్‌కు అడ్డం పెట్టింది.

“దిగవయ్యా ముందు. ఆ సంచిలో ఏంది?”

మోపెడ్ మనిషి బ్రేకు వేసి దిగాడు. నలభై ఏళ్లుంటాయి. ఆ ఊరివాడు కాదు.

“మగ్గిన అరటిపండ్లు పెద్దమ్మా. బజార్లో అమ్ముడుపోనివి.”

“కోతులకేనా?”

“కోతులకే.”

రోడ్డు తూము మీద అవి అప్పటికే వరసగా కూర్చుని ఉన్నాయి, బంతి భోజనానికి పిలిచినట్లు. మోపెడ్ హారన్ మోగకముందే వచ్చి కూర్చోవడం ఆమె కళ్లారా చూసింది. ఒళ్లు మండిపోయింది.

“ఇట్ల తిండి మరిగితే రేపు మా చేల మీద పడవా? రెండేండ్లు బోరు ఎండిపోయి ఏడిసినాం. ఈ ఏడే నాలుగు కాయలు కనపడినాయి. ఇవీ పోతే మళ్లా విత్తనానికి గూడా దిక్కుండదు.”

అతను చేను వైపు చూశాడు. వేరుశనగ మధ్యలో గుంజకు కట్టిన పెద్ద పులి బొమ్మ పళ్లికిలిస్తూ కూర్చుని ఉంది.

“ఆ పులి పనిచేస్తాందా పెద్దమ్మా?” మెల్లగా అడిగాడు.

“చెయ్యకేం! అది వచ్చినకాడి నుంచి ఒక్క కోతి మా గట్టు తొక్కలే. ఊరంతా దాన్ని ఒక్క దినం ఎరువిమ్మని అడుగుతాండారు.”

అతను పులి పళ్ల వైపు ఇంకోసారి చూశాడు.

“సరే పెద్దమ్మా. పులి ఉంది గదా. నేనింక రానులే.”

ఆ పూటకు తెచ్చిన పండ్లు తూము మీద గుమ్మరించి వెళ్లిపోయాడు.

లక్ష్మీదేవమ్మ గెలిచినంత సంబరంగా ఇంటికి పోయింది.

ఒకప్పుడు ఆ కోతులతో పడలేక చచ్చింది. మనుషులు సద్ది గిన్నెలు సర్దుకుని ఇళ్లకు మళ్లే వేళకు అవి సరిగ్గా అడివిలోంచి దిగేవి. వీళ్లు అటు గట్టు దాటితే అవి ఇటు గట్టు దాటేవి. చివరికి ఆమె భర్త పుల్లయ్య పుల్లలచెరువు బజారుకు పోయి పులి బొమ్మ కొనుక్కొచ్చాడు. కనిగిరి నుంచి వచ్చి అక్కడ కొత్తగా దుకాణం పెట్టినాయన, “కోతి కాయ ముడితే పూచీ నాది” అన్నాడట. పుల్లయ్య ఆ మాటను నమ్మాడు. లక్ష్మీదేవమ్మ పులిని నమ్మింది.

మర్నాడు పొద్దు వాలింది.

ఆమె కొడవలి పక్కన పెట్టి రోడ్డు వైపు చూసింది. ఇన్నాళ్లూ తూము దగ్గర ఎవరిదో హారన్ మోగితే ఇంటికి బయలుదేరేది. ఆ హారన్ కొట్టేది ఎవరో నిన్ననే కదా తెలిసింది! ఇక మోగదని తెలిసినా చెవులు అటే ఉన్నాయి.

తూము మీద కోతులూ రోడ్డు వైపే చూస్తున్నాయి.

ఇద్దరూ కాసేపు చూశారు.

ముందు ముసలి కోతి లేచింది. ఒళ్లు విరుచుకుని గట్టు దిగింది. వెనకే మందంతా చేలో పడింది. లక్ష్మీదేవమ్మ కర్ర తిప్పుతూ అరిచింది. ఇటు తరిమితే అటు దూరాయి. ఒక పిల్లకోతి తీరిగ్గా పులి నెత్తినెక్కి కాయ ఒలుచుకుంది.

కొండ మీది గూడెం నుంచి చింతపండు మూటతో దిగివస్తున్న సోమన్న పరుగున వచ్చి సాయం పట్టాడు. ఇద్దరూ కలిసి తరిమేసరికి రెండు సాళ్ల చెట్లు వేళ్లు పైకెత్తి పడున్నాయి.

“ఏంది సోమన్నా ఇది? ఇన్నాళ్లూ రానివి ఇయ్యాల ఎట్ల వచ్చినాయి?”

“కోతికి గడియారం లేదు గానీ కడుపుంది అక్కా. ముందు మీరు ఇండ్లకు మళ్లే వేళ కనిపెట్టినాయి. తర్వాత ఆ హారన్ వేళ పట్టుకున్నాయి. తూము కాడ కడుపునిండా తిని అట్నే అడివికి పోతాండె. ఇయ్యాల చూసి చూసి ఇట్ల వచ్చినాయి.”

“మరి మా పులి?”

“పులిదేముందిలే అక్కా. పాపం, గడ్డి గూడా తినదు.”

లక్ష్మీదేవమ్మ గట్టు మీద కూలబడింది. సిగ్గు ముంచుకొచ్చింది.

“ఎవరి బిడ్డో ఏమో! చేను కాపాడేవాణ్ణి నేనే తరిమినా గదా.”

మర్నాడు మధ్యాహ్నం పులిని చంకనేసుకుని పుల్లయ్యతో ఆటో ఎక్కింది. దుకాణమాయన్ని ఏమేం తిట్టాలో దారి పొడవునా అనుకుంటూనే వచ్చింది. తగాదాలంటే పుల్లయ్యకు దడ. ఆటో దిగి, టీ తాగొస్తానని పక్కకు తప్పుకున్నాడు.

దుకాణం ముందు మోపెడ్ మీద అతనే కూర్చుని ఉన్నాడు. తూము దగ్గరి మనిషి.

“నాయనా! ఈడుండావా!” ఆమెకు ప్రాణం లేచొచ్చింది. “నా నోరు పడ, ఊరికే తిట్టినా నిన్ను. మా పంట నిలబెట్టింది నువ్వేనంట గదా. మనసులో పెట్టుకోవాకు, సాయంత్రం వచ్చిపో. ఉండు, ముందు ఈ పులిని మాకు అంటగట్టిన దొంగసచ్చినోడి సంగతి తేల్చుకోనొస్తా. యాడుండాడు వాడు?”

నవ్వాలో వద్దో తెలియక అతను తల గోక్కున్నాడు. ఎండ వైపు ఒకసారి చూశాడు.

“పొద్దు వాలుతాంది పెద్దమ్మా. ఇప్పుడే బయలుదేరాల. అవి కాచుకోనుంటాయి.”

“అది సరే, వాడు యాడ?”

అతను ఆమె చంకలోంచి పులిని తీసుకున్నాడు. దాని మొహానికంటిన మట్టిని తువ్వాలుతో తుడిచి, మోపెడ్ మీద తన ముందు కూర్చోబెట్టుకున్నాడు.

“వాడు నేనే పెద్దమ్మా. ఇంటికి పోయే దోవలో మొదటి దినమే చూసినా, కోతులు దీనికి జడవక చేలోకి దిగబోతాండె, మరి పూచీ ఇచ్చినా గదా.”