తిత్తి పరీక్ష

చనిపోయిన బాబురావు తన చేత్తో చేసిన కాన్సర్టీనాను, అంటే చేతుల మధ్య సాగదీసి వాయించే బుల్లి పెట్టెను, అతని భార్య చంద్రమ్మ యాకుత్‌పురాలో హార్మోనియంలు బాగుచేసే డానియేలు దగ్గరకు తెచ్చింది.

"నెట్‌ల ఏలం పెట్టిన అన్నా. ఎట్లున్నదో నువ్వు చెప్తేనే కొంటరంట."

"చూస్త తీయ్ వదినా. పొద్దుగాల రా."

చీకటి పడ్డాక డానియేలు షట్టర్ దించాడు. బతికున్నన్నాళ్లూ అందరూ బాబురావునే ఉస్తాద్ అన్నారు. తనను రిపేరోడన్నారు. ఆ మంట ఇంకా ఆరలేదు.

పెట్టెను ఒక వైపు పట్టుకుని వేలాడదీశాడు. మధ్యలో ముడతలుగా ఉండే గాలి తిత్తికి చిల్లుంటే రెండో వైపు దభీమని పడాలి. పడలేదు. తేనెలా మెల్లగా జారింది. ఇంత బిగువైన తిత్తి తన చేతుల్లో ఎన్నడూ తయారు కాలేదు.

"సచ్చినా నీకేనారా పేరు?" అన్నాడు పళ్లు కొరుకుతూ. "తిత్తి ఖరాబు, గాలి పోతున్నదని చెప్త. ఏం జేస్తవ్?"

జారుతున్న పెట్టె ఆగింది. ఎవరూ నొక్కకుండానే తిత్తి పైకి ముడుచుకుంది. మళ్లీ సాగింది. సాగినప్పుడల్లా డానియేలు ఛాతీలో ఊపిరి తగ్గుతోంది. వదిలేద్దామంటే వేళ్లు ఊడిరావడం లేదు.

"మంచిగున్నది ఉస్తాద్, మంచిగున్నదనే చెప్త!" అని అరవబోయాడు. నోట్లోంచి మాట రాలేదు. ఉస్సుమని గాలి పోయింది.