జంటలకు మాత్రమే

"మొగుడూ పెళ్లామూ పోయి రక్తపరీక్ష చేయించుకొని కుక్కర్ తెచ్చుకున్నారు, మాకొక మాటన్నా చెప్పకపోతిరే" అని పక్కింటి అక్కమ్మ హేమావతి ముందర మూతి తిప్పుకుంది. హిందూపురం లారీ స్టాండు కాడ, హేమావతి మొగుడు నాగేంద్ర కుక్కర్ డబ్బా చంకన పెట్టుకొని రక్తపరీక్ష క్యాంపులోంచి వస్తాంటే అక్కమ్మ తమ్ముడు కళ్లారా చూసినాడంట.

హేమావతి ఇంట్లో కుక్కర్ లేదు. ఆమె ఆ క్యాంపు మొహమే ఎరగదు. మర్నాడు పెనుకొండలో బస్సెక్కి ఒక్కతే ఆ క్యాంపుకు వచ్చింది.

"మేడం, మగోడు ఒక్కడే వస్తే కుక్కర్ ఇస్తారా?"

"లేదమ్మా, పెండ్లాంతో వస్తేనే" అంది కౌన్సిలర్ ప్రేమలత. "ఎయిడ్స్ పరీక్షకు రమ్మంటే లారీవాళ్లు రారు. ఇంట్లో ఆడోళ్లకు కూడా చూడల్ల గదా, అందుకే కుక్కర్ ఆశ పెట్టినాం."

"వచ్చినామె పెండ్లామేనని ఎట్ల తెలుస్తాది?"

"వాళ్లు చెప్తారు, మేం రాసుకుంటాం."

"లారీ నాగేంద్ర ఎవర్ని పెండ్లామని చెప్పినాడు?"

ప్రేమలత రిజిస్టరు మూసి దానిమీద చెయ్యి పెట్టింది. "ఈడికి ఎవరొచ్చిందీ బయట చెప్పకూడదమ్మా. ఆయనకు మీరేమైతారు?"

హేమావతి చూపు ఆ రిజిస్టరు మీదికి పోయింది. 'పెండ్లాన్ని' అనే మాట ఇంకొకామె ముందే చెప్పేసి, అందులో వేలిముద్ర కూడా వేసిపోయింది.

హేమావతి కుర్చీ దగ్గరికి లాక్కొని చెయ్యి చాపింది. "నాకూ చూడండి."

"చూస్తాం. ఇంటాయన్ని కూడా పిల్చుకొని వచ్చింటే బాగుండు" అనేసింది ప్రేమలత, అందరితో అనే అలవాటు కొద్దీ.

"ఆయప్పది అయిపోయింది మేడం. మిగిలింది నేనొక్కదాన్నే."