ఆసుపత్రికి పద

ఇళ్లన్నీ చెప్పిన మాట వినే రోజులవి. అయితే గ్యాసు కట్టమని, గేటు తియ్యమని ఏ పనికాపని విడిగా చెప్పాల్సి వచ్చేది. ఈమధ్యే కొత్త సదుపాయం వచ్చింది. పనులన్నీ వరసగా ఒకసారి నేర్పి ఒక పేరు పెడితే, ఆ పేరు పిలవగానే ఇల్లే అన్నీ చేసేస్తుంది.

నెలలు నిండిన హరిప్రియ కోసం ఆమె భర్త భాస్కరం అలాంటిదొకటి నేర్పి, 'ఆసుపత్రికి పద' అని పేరు పెట్టాడు.

ఆదివారం పొద్దున అతను డాబా మీద బట్టలారేస్తుంటే కింద ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. ఆమె ఆ పేరు పిలిచింది. గ్యాసు ఆగింది. డాక్టరుకు కబురెళ్లింది. కారు గుమ్మంలోకొచ్చి హరిప్రియనూ, అత్తగారినీ ఎక్కించుకుంది. "ఆయనేరీ?" అని ఆమె అనేలోగానే వీధి మలుపు తిరిగింది. వెనకాల డాబా తలుపుతో సహా తలుపులన్నిటికీ తాళాలు పడ్డాయి.

"నేనూ వస్తా, ఆగండి!" అని భాస్కరం పైనుంచి అరిచాడు. డాబా మీది మాట ఇంటికి వినపడదు. పక్కింటి షరీఫ్ గారు నిచ్చెన వేసి దింపి, స్కూటరు మీద తీసుకెళ్లారు.

అప్పటికే పాప పుట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే కారులోనే పుట్టేదంది డాక్టరు.

"ఇంతసేపూ ఎక్కడున్నావురా?" అంది భాస్కరం తల్లి.

"నన్నూ ఎక్కించుకోమని నేర్పలేదమ్మా!"

"నవ్వించకండి, నొప్పిగా ఉంది," అంటూనే హరిప్రియ పకపకా నవ్వింది. పాప అతని వేలు గట్టిగా పట్టుకుంది. భాస్కరం సిగ్గంతా మర్చిపోయాడు.