పాత ఐపీని అడుగుతున్నదెవరు?

“కంపెనీ ఐపీ పెడ్తున్నదంట గదా సారూ?” టీ గ్లాసు బల్ల మీద పెడుతూ అడిగింది క్యాంటీన్ జంగమ్మ.

“పెడ్తలేదవ్వా, మారుస్తున్నం,” అన్నాడు జయరాజ్, మానిటర్ మీంచి కళ్లు తిప్పకుండా. “దివాలా తీసే ఐపీ వేరు, ఇది వేరు. అగో, ఆ రెండు పెట్టెలు సర్వర్లు. వాటి అడ్రస్ మారుస్తున్నం.”

“అవి సర్వర్లయితే టీ నేనెందుకు మోస్తున్న?” అని జంగమ్మ వెళ్లిపోయింది.

మొయినాబాద్‌లోని ఆ పాలకంపెనీలో రెండు సర్వర్లకూ కలిపి ఒకటే అడ్రసు. వర్చువల్ ఐపీ అంటారు. ఏ సర్వర్ బతికుంటే అది ఆ అడ్రసులో పలుకుతుంది, ఒకటి పడిపోతే రెండోది అందుకుంటుంది. అడిగినవాళ్లకు తేడా తెలియదు. కొత్త నెట్‌వర్క్ వచ్చింది కాబట్టి ఇప్పుడా అడ్రసు మారాలి. పొద్దుటి పాలకూ సాయంత్రం పాలకూ నడుమ జయరాజ్ కొత్త అడ్రసు జోడించాడు. చుట్టుపక్కల ఆలూరు, కొండకల్, ప్రొద్దుటూరు పాలకేంద్రాలను ఒక్కొక్కటిగా దాని మీదికి మళ్లించాడు. ఒక సర్వర్‌ను కావాలని ఆపి చూశాడు. రెండోది ఠక్కున పలికింది. ఇక ఆరింటికి పాతది తీసేస్తే పనైపోయినట్టే.

ఇలా జంటగా నడిచే సర్వర్లను నోడ్లంటారు. ఆ రెండు నోడ్లూ క్షణానికోసారి ‘ఉన్నవా?’ ‘ఉన్న’ అనుకుంటూనే ఉంటాయి. చేవెళ్లలో జయరాజ్ ఇంట్లోని రెండు నోళ్లు మాత్రం పదకొండు నెలలుగా ఏమీ అనుకోలేదు. భార్య ప్రవీణ తల్లిని మట్టి చేసిన రోజే కంపెనీలో రెండు సర్వర్లూ పడిపోయాయి. యంత్రాలు అందుబాటులో ఉండాలని ఆగిపోయిన అల్లుడు, సమాధుల తోటకు అందుబాటులో లేకుండా పోయాడు. ఆనాటినుంచి ప్రవీణ మాట మానేసింది. కంచంలో అన్నం వేడిగానే ఉంటుంది, ఎదురుగా మనిషే ఉండదు. అతను రోజూ మొయినాబాద్‌లో బయల్దేరి మౌనాబాద్ చేరుకుంటాడు.

“అన్నా, ఒకటి మిగిలింది,” అన్నాడు పక్క కుర్చీలోని తిరుపతి. “ఎవరో ఇంకా పాత అడ్రస్‌నే అడుగుతున్నరు.”

“ఏ కేంద్రం?”

“కేంద్రం గాదు. బయటినుంచి వస్తున్నది, కామన్ లాగిన్‌తోటి. కరోనాల ఇంటికాడ పనిచేసెటోళ్లకని నువ్వే చేసినవ్ గదా, అది. నెలల సంది నడుస్తున్నది. తెరిచేది ఒక్కటే, మన హాజరు పేజీ. ఐదున్నర కాంగనే షురూ. ఐదు నిమిషాలకోసారి.”

“ఎందాక?”

తిరుపతి గొంతు తగ్గించాడు. “నువ్వు ఔట్ పంచ్ కొట్టేదాక. నువ్వు కొట్టినవ్, అది ఆగిపాయె. మొన్న నువ్వు తొమ్మిదింటిదాక ఉన్నవా, తొమ్మిదింటిదాక చూసిండ్రు.”

జయరాజ్ నోట్లో టీ చేదెక్కింది. వాళ్లిద్దరిలో ఒకరిని తీసేస్తారని వారం రోజులుగా వినబడుతోంది.

“మేనేజర్ సారే. నన్ను పంపనీకి సాకు దేవులాడుతున్నడు.”

“జర అడిగి చూడరాదే? కొత్త అడ్రస్ ఇయ్యాలె గదా.”

“నిఘా పెట్టెటోనికి అడ్రస్ నేనే ఇయ్యాల్నా? ఇన్ని దినాల్ల ‘వచ్చినవా, పోయినవా, సచ్చినవా’ అని ఒక్కలన్న అడిగిండ్రా నన్ను? అడిగెటోడు వీడొక్కడు దొరికిండు. అదీ తీసెయ్యనీకి!”

సరిగ్గా ఆరింటికి పాత అడ్రసు తొలగించాడు.

“పీడ పాయె,” అన్నాడు.

సాయంత్రం పాల లెక్కలు కొత్త అడ్రసుకు ఒక్క చుక్క ఒలకకుండా చేరాయి. తిరుపతి ముందే వెళ్లిపోయాడు. ఏడింటికి పంచ్ కొడుతూ జయరాజ్ ఒక్క క్షణం ఆగాడు. ఎవరూ చూడడం లేదంటే హాయిగా ఉండాలి. లేదు. నిఘా అయినా ఒక తోడే, అది కూడా తన చేతులతోనే తీసేసుకున్నాడు.

చేవెళ్లలో వీధి మలుపు తిరిగి బండి ఆపాడు. గేటు బయట, చెప్పులు కూడా లేకుండా, కరోనా రోజుల్లో అతను ఇంటినుంచి ఆఫీసు పని చేసిన పాత ఫోను పట్టుకుని ప్రవీణ నిలబడి ఉంది. అతన్ని తల నుంచి కాళ్ల దాకా చూసింది.

“పేజీ తెరుచుకుంటలేదు, నీకేమైందో అనుకున్న.”