మిగిలిన రెండు మేకలు

“పొద్దు వాలిపోతోంది. ఎండిన ఏట్లో దుమ్ములగొండ్లు తిరుగుతున్నాయంటున్నారు. నా పిల్లకేమైందో ఏమో!” అంది అకురే, గుడిసె ముందు నిలబడి.

“నీకు గాలి వీచినా భయమే అక్కా!” పక్క గుడిసె నవోయి నవ్వింది. “మీ అజికోన్ లాంటి కాపరి ఈ తుర్కానా ఎడారిలో ఉందా? కరువుకి అందరి మందలూ పోతే, మీ రెండు మేకలు దానివల్లే కదా మిగిలాయి! మా పిల్లా ఉంది, ఎందుకూ కొరగాకుండా! మంద ఉన్న రోజుల్లోనే మేక ఎటు పోయిందో చూసుకునేది కాదు. అందుకే బడిలో పడేశాం. పనికొచ్చే పిల్లనైతే పంపుతామా?”

అంతలో అజికోన్ వచ్చింది. ఒక్కతే వచ్చింది.

“మేకలేవే?”

పిల్ల తల వంచుకుంది. అకురే దాని ఒళ్లంతా తడిమి చూసింది. ఎక్కడా గీత కూడా లేదు.

తండ్రి లోపెయొక్ బల్లెం తీసుకుని, జాడ పట్టుకుంటూ పరుగెత్తాడు. మసక చీకట్లో తిరిగొచ్చి, మేక మెడలోని కొయ్యగంటను కూతురి కాళ్ల ముందు పడేశాడు. దానికి నెత్తురు అంటి ఉంది.

“రెండూ పోయాయి. మేకలు వాటంతటవి ఏట్లోకి దిగలేదు. నీ అడుగులే ముందున్నాయి. నువ్వే తోలుకెళ్లి వదిలేసి వచ్చావు. ఎందుకే?”



“కొట్టకయ్యా, చిన్నపిల్ల!” అకురే అడ్డం నిలబడింది.

“కొట్టి ఏం చేసుకోను?” అతను నేలమీద కూలబడ్డాడు. “రేపు సంతలో వాటినమ్మి దీనికి పరుపూ, పెట్టే, బడి గౌనూ కొందామనుకున్నాను. హాస్టల్ బడి మేష్టారితో మాట్లాడి కూడా వచ్చాను. అవి లేకపోతే లోపలికి రానివ్వరు. అకురే, నీకు చెబితే అక్కడ పామంటావు, జ్వరమంటావు, ఏడుస్తావు. అందుకే చెప్పలేదు.”

నవోయి మెల్లగా జారుకుంది. పొయ్యిమీద గంజి మాడు వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు.

అజికోన్ వంగి గంటను ఒళ్లోకి తీసుకుంది.

“మేకలు కాయడం చేతకాని పిల్లల్నే కదా నాన్నా, బడికి పంపేది.”